ఆ బిడ్డల ఫైళ్లు ఎక్కడ?

పెర్ల్ నది ఒడ్డున గ్వాంగ్‌జౌలో వైట్ స్వాన్ అనే పెద్ద హోటల్ ఉంది. చైనాలో ఏ మూల నుంచి బిడ్డను దత్తత తీసుకున్నా, అమెరికన్ దంపతులు వీసా కోసం ఆ ఊరికే రావాల్సి వచ్చేది. కాన్సులేట్ ఒకప్పుడు హోటల్ పక్కనే ఉండేది కాబట్టి ఎక్కువమంది బస అక్కడే. కారిడార్ల నిండా స్ట్రోలర్లు, బయటి వీధిలో పసిపిల్లల బట్టలు, బుల్లి చెప్పులు అమ్మే కొట్లు. మెడికల్ చెకప్ అయి, వీసా చేతికొస్తే ఇంటికి ఫ్లైటే. బిడ్డతోపాటు అందే కాగితాల్లో ఆ పాప పుట్టుక గురించి ఉండేది మాత్రం ఒకటి రెండు వాక్యాలు. ఫలానా రోజు, ఫలానా గేటు దగ్గర దొరికింది, కన్నవారి ఆచూకీ లేదు.

ఆ ప్రయాణాలకు 2024 సెప్టెంబరులో తెరపడింది. దగ్గరి బంధువుల పిల్లలకు, మారుటి బిడ్డలకు తప్ప ఇక విదేశీ దత్తత లేదని చైనా ప్రకటించింది. మూడు దశాబ్దాల్లో అక్కడి నుంచి లక్షన్నరకు పైగా పిల్లలు విదేశాలకు వెళ్లారు. దాదాపు సగం మంది అమెరికాకే. ఒకే బిడ్డ విధానం నడిచిన కాలం కనుక అందులో ఆడపిల్లలే ఎక్కువ. కొవిడ్‌కు ముందే ఫొటో చూసి, పేరు పెట్టుకుని, గది సర్దుకుని కూర్చున్న కుటుంబాలు వందల్లో ఉన్నాయి. వారి బాధ కాదనలేనిది. అటు ఆ పిల్లల్లో చాలామంది వైకల్యంతోనో జబ్బుతోనో ఉన్నవారు. వారి సంగతి ఏమిటన్న దానికి బీజింగ్ సరైన జవాబు చెప్పలేదు.

అయితే ఇది చైనా ఒక్కదాని కథ కాదు. 2004లో సుమారు 23 వేల మంది విదేశీ పిల్లలను దత్తత తీసుకున్న అమెరికాకు, 2023లో వచ్చింది 1,300 మంది లోపే. గ్వాటెమాలా, రష్యా, ఇథియోపియా ఒక్కొక్కటిగా తలుపులు మూశాయి. పిల్లలను తీసుకునే నెదర్లాండ్స్ కూడా 2021లో దత్తతలను ఆపి, తర్వాత పూర్తిగా మానుకోవాలని నిర్ణయించింది. ఒక్కో దేశానికి ఒక్కో కారణం ఉంది. రష్యాది అచ్చంగా రాజకీయం. కానీ చాలాచోట్ల తవ్వేకొద్దీ బయటపడింది తప్పుడు కాగితమే.

చైనాలోని హునాన్ రాష్ట్రాన్నే చూడండి. హెంగ్యాంగ్ ప్రాంతంలో అనాథాశ్రమాలు బ్రోకర్ల దగ్గర పసికందులను కొని, దొరికిన పిల్లలుగా చూపిన బాగోతం 2005లో బయటపడింది. అదే రాష్ట్రంలోని షావోయాంగ్ ప్రాంతంలో జరిగింది ఇంకా దారుణం. అదనపు బిడ్డకు జరిమానా కట్టలేని ఇళ్ల నుంచి కుటుంబ నియంత్రణ అధికారులే పిల్లలను ఎత్తుకెళ్లి ఆశ్రమంలో అప్పగించారు. ఫైలులో మాత్రం వాళ్లు వదిలేసిన పిల్లలు. దక్షిణ కొరియాలో తల్లిదండ్రులు బతికే ఉన్నా అనాథలని రాసిన, ఒకరి వివరాలు మరొకరికి అంటగట్టిన ఉదంతాలను అక్కడి సత్యశోధన కమిషన్ 2025 మార్చిలో నిగ్గుతేల్చి, బాధ్యత ప్రభుత్వానిదేనంది. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ క్షమాపణ చెప్పారు.

ఈ కథ వింటూ మనం ముక్కున వేలేసుకోనక్కర్లేదు. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లో ఏం జరిగిందో ఆనాటి పత్రికలు తిరగేస్తే చాలు. తండాల్లోని లంబాడా తల్లుల దగ్గర ఆడశిశువులను మధ్యవర్తుల ద్వారా సేకరించి, స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఇష్టపూర్వకంగా వదులుకున్నారని రాసుకున్నారు. తల్లికి ముట్టింది వందల్లో, మహా అయితే కొద్ది వేలు. విదేశీ దంపతుల నుంచి వసూలైంది లక్షల్లో. చదువు రాని తల్లి దేనికి ఒప్పుకుంటున్నదో ఆమెకు చదివి చెప్పిందెవరు? పోలీసులు దాడులు చేసి పిల్లలను శిశువిహార్‌కు తరలించారు. 2001లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, బిడ్డను ఇలా రాసిచ్చి వదులుకునే పద్ధతినే నిషేధించింది. గొడవ అక్కడితో సద్దుమణిగింది. అప్పటికే విమానమెక్కిన పిల్లల సంగతిని ఎవరూ పట్టించుకోలేదు.

చట్టం తర్వాత చాలా మెరుగుపడిందని ఒప్పుకోవాలి. విదేశీ దత్తతలకు కట్టుబాట్లు విధిస్తూ 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే వీటన్నిటికీ పునాది. విదేశీ దత్తతల్లో పిల్లల రక్షణ కోసం కుదిరిన అంతర్జాతీయ హేగ్ ఒప్పందాన్ని 2003లో మనం ఆమోదించాం. ఇప్పుడు బిడ్డను వదులుకున్న తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. ప్రవాసులు సహా అందరూ కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్లో నమోదై, తమ వంతు వచ్చాక స్వయంగా వచ్చి బిడ్డను తీసుకెళ్లాలి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న తెలుగు దంపతులకు ఈ వెయిటింగ్ పెద్ద టెన్షన్. ఏళ్ల తరబడి ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం మాటలు కాదు. అలాగని ‘తెలిసిన డాక్టరు ఉన్నారు, నెలలో పనైపోతుంది’ అనేవాడి మాట నమ్మితే రేపు ఆ బిడ్డ అడిగే ప్రశ్నకు జవాబుండదు. శిశువులను కొని అమ్మే ముఠా 2024లో హైదరాబాద్ శివారు మేడిపల్లిలోనే దొరికింది కదా!

మా అభ్యంతరం గతాన్ని వదిలేయడం మీద. పెద్దయిన దత్తపుత్రులు తమ మూలాలు తెలుసుకునే హక్కును నిబంధనలు గుర్తించాయి. పద్దెనిమిదేళ్లు నిండితే దరఖాస్తు చేసుకోవచ్చు. తమ తరఫున వేరొకరిని పంపడం మాత్రం కుదరదు. తెలుగు ముక్క రాని మనిషి ఎక్కడో ఐరోపాలో ఉండి, ఎప్పుడో మూతపడిన సంస్థ రికార్డు కోసం ఎవరి గుమ్మం తొక్కాలి? రాష్ట్రం రెండయ్యాక ఏ కాగితం ఏ శాఖ బీరువాలో ఉందో ఇక్కడివారికే అంతుపట్టదు.

అన్ని ఫైళ్లూ బజార్న పెట్టాలని మేం అనడం లేదు. పెళ్లికాక ముందు కన్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోని తల్లులుంటారు. ఆమె వద్దంటే వద్దే. ప్రేమగా పెంచిన తల్లిదండ్రులను బోనులో నిలబెట్టాలన్న ఉద్దేశమూ లేదు. వాళ్లలో ఎక్కువమంది చూపించిన కాగితాన్ని నమ్మినవాళ్లే.

ముందు రెండు తెలుగు ప్రభుత్వాలూ కూర్చుని 2001 వరకు సాగిన విదేశీ దత్తతల రికార్డుల్లో ఏవి మిగిలాయో, ఎక్కడున్నాయో జాబితా ప్రకటించాలి. వాటిని స్కాన్ చేయించి కారాకు అప్పగించాలి. కొరియా 2020 నుంచి తన రాయబార కార్యాలయాల్లోనే దత్తపుత్రుల డీఎన్ఏ నమూనాలు తీసుకుంటోంది. ఆ పని మన ఎంబసీలూ చేయొచ్చు. ఇక్కడ బిడ్డ కోసం వెతుక్కునే తల్లి ముందుకొస్తే, ఆమె ఊరికి దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో గుట్టుగా, ఉచితంగా నమూనా ఇచ్చే వీలుండాలి. ఆనాడు వేలిముద్ర వేసిన తల్లులు ఇప్పుడు యాభై, అరవైలలో ఉన్నారు. కమిటీ వేసి, గడువు పొడిగిస్తూ పోయేంత వ్యవధి ఈ పనికి లేదు.