నకలు ఫైలు గారికి, నల్లగొండ నుంచి

మహారాజశ్రీ ఎస్‌ఎంబస్ ఫైలు నకలు గారికి,

మిమ్మల్ని కన్న పాపాత్ముడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా క్షేమంగా ఉన్నారనే నా బాధ.

మీ జన్మ వృత్తాంతం మీకు తెలియదేమో. నా పాత ల్యాప్‌టాప్‌లో బయోస్ (ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) బదులు కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఎక్కిద్దామని కూర్చున్న రాత్రి చూస్తే, దాని చిప్‌సెట్‌కి (మదర్‌బోర్డు మీద భాగాలను కలిపే చిప్పులకి) కోడ్ లేదు. దాని ముందు తరం చిప్‌సెట్‌కి ఉంది. ఆ ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టి, పేరు మార్చి, నాలుగు నంబర్లు దిద్దాను. తెల్లారేసరికి తెర మీద అక్షరాలొచ్చాయి. రెండ్రోజుల్లో అంతా సర్దేద్దాం అనుకున్నాను. మూడేళ్లయింది.

మీ పని చిన్నదని అనను. మెషిన్ ఆన్ కాగానే ర్యామ్ ఇంకా నిద్ర లేవదు. ఎస్‌ఎంబస్ అనే రెండు తీగల దారిలో ర్యామ్ స్టిక్ మీదుండే బుల్లి చిప్ దగ్గరికి, హెక్సాలో 50 అనే అడ్రసుకి వెళ్లి, 'నీ సైజెంత, స్పీడెంత' అని అడిగొచ్చేది మీరే. కానీ ఇంటెల్ చిప్‌సెట్లలో ఆ అడిగే తీరు తరాల తరబడి దాదాపు ఒక్కటే. మరి తరానికొక ఫైలెందుకండీ? ఒకే మనిషి పేరు మీద ఐదు ఊళ్లలో రేషన్ కార్డులా? 1999లో లినక్స్‌బయోస్‌గా మొదలై 2008లో కోర్‌బూట్‌గా పేరు మార్చుకున్న ప్రాజెక్టు ఇది. మీలాంటి వాళ్లందరినీ 'కామన్' అనే ఫోల్డర్‌లోకి చేర్చే పని అక్కడ ఏళ్లుగా సాగుతూనే ఉంది. నేనేమో కొత్తవాళ్లను కంటున్నాను.

మొన్న మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూస్తుంటే మీరే గుర్తొచ్చారు. మూడెకరాల చెట్టు. ఏది మాను, ఏది ఊడ అన్నది చూసేవాళ్లకు అంతుపట్టదు. 2018లో చెదలు పడితే మందు కలిపిన సెలైన్ బాటిళ్లను కొమ్మకొమ్మకీ కట్టాల్సి వచ్చింది. నాదీ అదే వైద్యం. టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలనే) లెక్కలో తప్పు దొరికితే అసలు ఫైల్లో దిద్దాను, మీలో మరిచిపోయాను. రెండు వారాలు ల్యాప్‌టాప్ మూడుసార్లకోసారి నల్లతెరతో మొండికేసింది. ర్యామ్ పోయిందనుకుని గడియారం సెంటర్ దగ్గర కొత్త స్టిక్ కొన్నాను. (పాతది బంగారంలా ఉంది.) నేను క్లిప్పు పెట్టి బయోస్ చిప్‌ని మళ్లీ మళ్లీ రాస్తుంటే అమ్మ, "ఏంది బిడ్డా, గా డబ్బాకు రోజూ సూదిమందేనా?" అంది.

అందుకే నిన్న మిమ్మల్ని కామన్‌లో కలిపేశాను. సరిగ్గా కలిసిందో లేదో చూడ్డానికి టైమ్‌లెస్ బిల్డ్ అని ఒకటుంది. తేదీ, వెర్షన్ లాంటివి రోమ్‌లోకి (బయోస్ చిప్‌లో రాసే ఫైల్లోకి) రానివ్వదు. కలపకముందు తీసిన రోమ్, కలిపాక తీసిన రోమ్ బైటు బైటుకీ సరిపోవాలి. మిగతా బోర్డులన్నిటికీ సరిపోయింది. నా ల్యాప్‌టాప్‌కి లేదు.

వెతగ్గా వెతగ్గా మీలో ఒక్క లైను బయటపడింది. పది మిల్లీసెకన్లు ఆగమని. ఎందుకో కామెంట్ లేదు. రాసిందెవరా అని, ఎవరే మార్పు చేశారో గుర్తుపెట్టుకునే గిట్‌ని అడిగితే నా పేరే చెప్పింది. టైము రాత్రి 2:40, కమిట్ సందేశం: 'ఇప్పుడు పనిచేస్తోంది'.

తీసేస్తే ఏ బూట్‌లో ఏం కొంప మునుగుతుందోనని టెన్షన్. ఉంచితే నా ఒక్కడి పాపానికి అన్ని మెషిన్లూ పది మిల్లీసెకన్లు ఆగాలి. మీ డిలీట్ కమాండ్ టైప్ చేసి పెట్టుకున్నాను, ఎంటర్ మాత్రం కొట్టలేదు. ఆ లైను ఎందుకు పెట్టానో మీకేమైనా గుర్తుందా?

ఇట్లు,
మీ కన్నతండ్రి