సింగ్‌నగర్‌లో ఒక వీధి: కూల్చి కట్టాలా, నిలిపి బాగుచేయాలా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చాయి. కొన్నిచోట్ల వారం దాటినా కదల్లేదు. ఆ తరువాత మా వీధి బాగు కోసం నగరపాలక సంస్థకు అర్జీ పెట్టుకుందామని అందరం అనుకున్నాం కాని, అందులో ఏం అడగాలన్న దగ్గర రెండు పక్షాలుగా చీలిపోయాం. ఇళ్లన్నీ తీసేసి, స్థలాలు కలిపి, స్టిల్టు మీద, అంటే కింద పిల్లర్లు మాత్రమే వదిలి పైన, అపార్టుమెంట్లు కట్టించుకోవాలని ఒక పక్షం, ఉన్న ఇళ్లను ఉన్నచోటే నిలబెట్టి కాలువలూ రోడ్లూ పట్టాలూ సరిచేయించుకోవాలని మరో పక్షం. మొదటి పక్షం తరఫున, వేరే పట్టణాల్లో మునిసిపల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడారు. రెండో పక్షం తరఫున, హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన ఒక టీచరుగారు మాట్లాడారు. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. ఒక ఆదివారం సాయంత్రం టీచరుగారి వరండాలో జరిగిన వాదం ఇది. అర్జీ రాసే పని నామీద పడింది కనుక విన్నది విన్నట్టు రాసుకున్నాను.

ఇంజనీరు: చెల్లెమ్మా, నా మాట కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. మనవి అరవై, డెబ్భై గజాల స్థలాల్లో గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్లు. ఫైరింజను రాదన్న సంగతి అటుంచండి, ఆ రోజు పడవ కూడా సందు మలుపు దగ్గరే ఆగిపోయింది. గోడలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. పైన ఎంత రంగు కొట్టుకున్నా నెమ్ము దిగలేదు, పిల్లర్ల అడుగున ఊచలు తుప్పు పట్టి పెచ్చులు రాలుతున్నాయి. ఇలాంటి ఇంటికి మరమ్మతు చేస్తూ పోతే డబ్బు ఖర్చవుతుందేగాని ఇల్లు మిగలదు. అదే ముప్పై నలభై స్థలాలు కలుపుకుంటే నేల అంతస్తును బండ్లకు వదిలేసి, పైన కాపురాలు పెట్టుకుని, మధ్యలో నలభై అడుగుల రోడ్డూ రెండు పక్కలా సరైన వాలుతో మూతలున్న కాలువలూ తెచ్చుకోవచ్చు. మళ్లీ నీళ్లొస్తే బండి చక్రాలు తడుస్తాయి, బీరువాలు తడవవు.

టీచరు: అన్నయ్య గారూ, ముందు మీరు కూర్చున్నచోటి నుంచే ఈ గడప చూడండి. 1990ల మొదట్లో మేము ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు వీధిలో నుంచి మూడు మెట్లు ఎక్కి లోపలికి వచ్చేవాళ్లం. మొదటిసారి సిమెంటు రోడ్డు వేసినప్పుడు ఒక మెట్టు పోయింది. దానిమీదే ఇంకో రోడ్డు వేసినప్పుడు రెండోది పోయింది. మూడోసారి వేశాక మేము వీధిలో నుంచి ఇంట్లోకి దిగుతున్నాం. వానొస్తే గడపకు అడ్డంగా నాలుగు వరుసల ఇటుక పేర్చి సిమెంటు పూసుకున్న ఈ కట్టే మాకు ప్రకాశం బ్యారేజీ. మేము పల్లంలో ఇల్లు కట్టుకోలేదు, కట్టుకున్న ఇంటిని పల్లం చేశారు. ఆ పని చేసినవాళ్లే ఇప్పుడు వచ్చి, మీ ఇల్లు పల్లంలో ఉంది కనుక తీసేయమంటే నేనెట్లా ఒప్పుకుంటాను?

ఇంజనీరు: ఆ మాట నాకు తగలాల్సిందే. పాత రోడ్డు తవ్వి తీసి అదే మట్టంలో కొత్తది వేయాలంటే తవ్వకానికీ, ఆ పెళ్లలు మోసుకెళ్లడానికీ వేరే పద్దు రాయాలి. ఆ పద్దు రాస్తే పక్కవీధికి డబ్బు చాలదు. నేనూ అలాంటి ఎస్టిమేట్ల మీద సంతకాలు పెట్టినవాణ్ణే. అయితే ఇప్పుడు రోడ్డు తగ్గిస్తే కాలువనూ తగ్గించాలి. కాలువ తగ్గితే, అది కలవాల్సిన పెద్ద డ్రెయిను కంటే కిందికి పోతుంది. అప్పుడు నీళ్లు పోవడం మానేసి ఎదురొస్తాయి. మట్టాల లెక్కలో మొహమాటానికి చోటు లేదమ్మా. రోడ్డును దించలేం కనుక ఇళ్లనే లేపాలంటున్నాను.

(ఈ ఒప్పుకోలు నేను ఎదురుచూడనిది. ఆ సాయంత్రం విన్న మాటల్లో అన్నిటికంటే పనికొచ్చింది కూడా ఇదేనని నాకు అనిపించింది.)

టీచరు: ఆ లెక్క వానాకాలపు మురుగుకు సరిపోతుంది. కాని సెప్టెంబరు 1న వచ్చింది మన కాలువ నీళ్లు కావు. వెలగలేరు నుంచి కృష్ణలోకి బుడమేరును మళ్లించే కాలువ పట్టగలిగింది కొంతే. అంతకు మించి వరద వచ్చింది, గట్టుకు మూడు గండ్లు పడ్డాయి, సైన్యం దిగి 7వ తేదీకి గాని పూడ్చలేకపోయారు. ఆ నీళ్లను పుచ్చుకోవాల్సిన కృష్ణ సంగతి చూస్తే, 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. తన కడుపే నిండిన నది ఇంకో ఏటిని ఎక్కడ పెట్టుకుంటుంది? 2005లోనూ బుడమేరు మనల్ని ముంచింది. మన వీధిని కూల్చినంత మాత్రాన వెలగలేరు దగ్గర గట్టు బలపడదు. ఇంకో మాట. అదే రోజుల్లో కృష్ణలంక, రాణీగారితోట నది ఒడ్డునే ఉండి కూడా చాలావరకు ఎలా బయటపడ్డాయి? అక్కడ ఇళ్లు కూల్చలేదు, నదికీ ఇళ్లకూ మధ్య రిటైనింగ్ వాల్ కట్టారు.

ఇంజనీరు: కృష్ణలంకకు నది ఒక్క పక్కనే ఉంది, గోడ సరిపోయింది. బుడమేరు ఊరి మధ్యలో నుంచి మెలికలు తిరుగుతూ కొల్లేరు దాకా పోవాలి. దానికి గోడ కట్టాలన్నా వెడల్పు చేయాలన్నా ఒడ్డున ఉన్న ఇళ్లు తీయాలి. మీరు మన వీధిని కాపాడమంటే, ఆ భారం ఇంకో వీధి మీద పడుతుంది. అదీగాక ఆ పనులు అయ్యేదాకా మనం ఎన్ని వానాకాలాలు ఇటుకల కట్టలు కట్టుకుంటూ కూర్చోవాలి? వర్షపు నీటి కాలువలకని కేంద్రం 461 కోట్లు ఇచ్చిన పథకం సగంలో ఆగింది, చూశారుగదా. పెద్ద పనుల మీద ఆశపెట్టుకోవద్దనే నేను వీధిని తనంతట తాను నిలబడేట్టు చేద్దామంటున్నాను.

టీచరు: స్టిల్టు మీదున్నవాళ్లు నిజంగా తమంతట తాము నిలబడ్డారా? మెయిన్ రోడ్డు మీది అపార్టుమెంట్లలో సామాను తడవలేదు, నిజమే. కాని నేల మట్టాన ఉన్న మోటారూ కరెంటు మీటర్లూ మునిగాయి, సంపులోకి మురుగు దిగింది, లిఫ్టు ఆగిపోయింది. ముసలివాళ్లు నాలుగో అంతస్తు నుంచి దిగలేక, డాబా మీద డ్రోను వదిలే అన్నం పొట్లం కోసం ఆకాశం చూశారు. మేము మునిగినా నడిచి సింగ్‌నగర్ ఫ్లైఓవరు చేరుకున్నాం.

ఇంజనీరు: మోటారూ ప్యానెలూ మొదటి అంతస్తులో పెట్టించాలి, మంచినీటి ట్యాంకు పైనే ఉండాలి. అది డిజైనుతో సరిపోయే తప్పు, దానికోసం స్టిల్టునే వద్దనడం పొరపాటు.

టీచరు: సరే, ఆ మాట రాసుకోండి. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. స్థలాలు కలపడమంటే కాగితాలు కలపడం. మన వీధిలో కొందరికి రిజిస్టరు దస్తావేజుంది, కొందరికి ప్రభుత్వం ఇచ్చిన బి-ఫారం పట్టా ఉంది, కొందరికి ఇంటిపన్ను రసీదు తప్ప ఏమీ లేదు. బిల్డరు మొదటివాళ్లతో మాట్లాడతాడు, రెండోవాళ్లతో బేరమాడతాడు, మూడోవాళ్లను చూడనే చూడడు. ఇక మా వెనక రేకుల గదిలో, మీ మేడ మీద వాటాలో అద్దెకున్నవాళ్లు? వాళ్లు ఏ కాగితంలోనూ లేరు. ఆటో నడిపేవాళ్లు, బట్టల షాపుల్లో సేల్స్ పనిచేసేవాళ్లు, ఇడ్లీ బండి పెట్టుకున్నవాళ్లు ఈ అద్దెలు కుదిరే ఇక్కడున్నారు. కొత్త అపార్టుమెంటులో ఆ అద్దెకు గది ఎవరిస్తారు?

ఇంజనీరు: అద్దెవాళ్లు ఎప్పుడూ మారుతూనే ఉంటారు. వాళ్లను లెక్కలో పెట్టుకుని ఏ ఊళ్లోనూ ప్రణాళిక వేయలేరు.

టీచరు: వేయలేరని చట్టం అనలేదు అన్నయ్య గారూ. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అన్న మాటకు ఇచ్చిన అర్థంలో, పట్టణంలో సేకరణకు ముందు మూడేళ్లో అంతకుమించో ఆ భూమి మీద నివాసమున్న కుటుంబం కూడా ఉంది. స్థలం ఎవరిదైనా సరే. కాని ఆ చట్టం ప్రభుత్వం భూమి తీసుకున్నప్పుడు వర్తిస్తుంది. మనంతట మనం బిల్డరుతో ఒప్పందం రాసుకుంటే, ఆ కాస్త రక్షణ కూడా వాళ్లకుండదు. మీరు స్వచ్ఛందం అంటున్నారే, ఆ మాట సొంతదారుకు స్వేచ్ఛ, అద్దెవాడికి నోటీసు.

ఇంజనీరు: ముంబైలో భెండీ బజారు చూడండి. 16.5 ఎకరాల్లో సుమారు 250 పాత భవనాలను కలిపి కట్టడానికి 2009లో ఒక ట్రస్టు పూనుకుంది. పాత అద్దెదార్లను తాత్కాలిక వసతికి పంపించి, తిరిగి అక్కడే ఇళ్లు ఇస్తోంది. మనసుంటే అది ఇక్కడ కూడా చేయొచ్చు.

టీచరు: అక్కడ వెనక ఉండి డబ్బు పెట్టిన ట్రస్టు ఉంది. దశాబ్దాల అద్దె చట్టం వల్ల అద్దెదార్లకు హక్కుంది. మనకు ఆ రెండూ లేవు. అయినా అక్కడ మొదటి దశ చేతికి రావడానికే పదేళ్లు దాటింది. పదేళ్లు ఈ వీధివాళ్లు ఎక్కడుంటారు? దూరం పంపితే ఏమవుతుందో మనకు ముంబై అక్కర్లేదు, ఊరి బయటి జక్కంపూడి చాలు. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్రం పట్టణ పథకం కింద అక్కడ కట్టిన ఇళ్లకు వెళ్లినవాళ్లలో మా స్టూడెంట్లున్నారు. ఇల్లు వచ్చింది, ఊళ్లో పనికి రావడానికి రెండు ఆటోల ఖర్చు కూడా వచ్చింది. అదే 1990 నుంచి 1997 దాకా బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఈ ఊళ్లో నడిచిన మురికివాడల మెరుగుదల పథకం చూడండి, ఎవరినీ కదల్చకుండా సందులకు రోడ్లూ దీపాలూ కాలువలూ వేశారు.

ఇంజనీరు: సందులో కాలువ వేయడం తేలికే. అది కలవాల్సిన పెద్ద డ్రెయినుకు సామర్థ్యం లేకపోతే, మురుగు మీ సందు వదిలి పక్క సందులో నిలుస్తుంది. ముక్కలు ముక్కలుగా బాగుచేయడం మీద నాకున్న అభ్యంతరం ఇదొక్కటే. అసలు మన వీధి మట్టమెంతో, మలుపు దగ్గరి కల్వర్టు అడుగు మట్టమెంతో, అది కలిసే డ్రెయిను మట్టమెంతో ఎవరైనా కొలిచారా?

టీచరు: కొలవలేదు. కొలవకుండానే మీరు కూల్చమంటున్నారు.

ఇంజనీరు: కొలవకుండానే మీరు ఉంచమంటున్నారు.

అక్కడ ఇద్దరూ నవ్వారు. ఇంజనీరుగారు టేపు తెమ్మన్నారు. వరద తరువాత టీచరుగారు హాలుకు రంగు వేయించారు గాని, తలుపు వెనక స్విచ్‌బోర్డుకు జానెడు పైన ఉన్న నీటి గీతను అలాగే వదిలేశారు. గచ్చు నుంచి గీత దాకా నాలుగు అడుగుల పది అంగుళాలు. గచ్చు నుంచి బయటి రోడ్డు మట్టం తొమ్మిది అంగుళాలు పైన. ఆ రెండు అంకెలూ పెన్సిలుతో గీత పక్కనే రాశారాయన. ప్రతి ఇంట్లోనూ ఇలాగే గుర్తించి, వీధంతటికీ మట్టాలు కొలిపించి, ఆ లెక్క చూశాకే ఏ ఇల్లు లేపాలో, ఏ ఇల్లు తీయాలో, ఎక్కడ రోడ్డు తవ్వాలో తేల్చాలని అర్జీలో మొదటి కోరికగా రాయమన్నారు. టీచరుగారు వెంటనే ఒప్పుకున్నారు. రెండో కోరికగా, సొంతదార్లతో పాటు అద్దెకున్న కుటుంబాలను కూడా ఇంటింటికీ తిరిగి నమోదు చేయాలని ఆవిడ రాయించారు. అలా రాస్తే సొంతదార్లు సగం మంది సంతకం పెట్టరని ఇంజనీరుగారు అన్నారు. ఆయన లెక్క తప్పు కాదని నాకూ తెలుసు.

సంతకాలు మొదలయ్యాక, రేకుల గదిలో అద్దెకుండే ఆటో డ్రైవరు వచ్చి, తన పేరు ఎక్కడ రాయాలని అడిగాడు. ఇంజనీరుగారు ఇంకో కాగితం తీసుకోమన్నారు. టీచరుగారు ఇదే కాగితం మీద పెట్టమన్నారు. అతను పెన్ను పట్టుకుని ఇద్దరి వంకా చూశాడు. అర్జీ ఇంకా నా దగ్గరే ఉంది.