సవరణ: మంచు ట్రెక్‌కి కాటన్ వద్దు

పోయిన వారం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్‌కి ఆడవాళ్లు సర్దుకోవాల్సిన బట్టల గురించి రాస్తూ, ఒంటికి ఆనుకుని ఉండేవి కాటన్‌వైతేనే మేలు అన్నాను. అది తప్పు. దయచేసి ఆ మాట నమ్మి ఎవరూ బయల్దేరకండి.

మన ఎండలకి కాటన్‌ను మించింది లేదు, ఆ అలవాటే నాతో అలా రాయించింది. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాఖండ్ మంచులో ఎక్కుతున్నా చెమట పడుతుంది. కాటన్ దాన్ని పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. కాసేపు ఆగామంటే ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. అన్నిటికన్నా ఇబ్బంది కాటన్ స్పోర్ట్స్ బ్రాతో. బ్యాగు పట్టీల కింద అది ఓ పట్టాన ఆరదు, ఒరుసుకుని చర్మం మండుతుంది. లోపలివి పాలిస్టర్‌వో, మెరినో జాతి గొర్రెల ఉన్నివో తీసుకోండి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. మెరినో ఖరీదనిపిస్తే ఆటలకి వేసుకునే మామూలు పాలిస్టర్ టీషర్టు చాలు. సాక్సులు మాత్రం ఉన్నివే కొనండి.

ఇంకొకటి. ఎవరెస్ట్ ఎక్కిన తొలి మహిళ బచేంద్రీ పాల్ అని రాశాను. ఆమె 1984 మే 23న ఎక్కిన తొలి భారతీయ మహిళ. ప్రపంచంలో మొదట ఎక్కినామె జపాన్‌కు చెందిన జుంకో తబేయి, 1975 మే 16న. డబ్బు చాలక, ఆమె వెళ్లిన ఆడవాళ్ల జట్టు పాత కారు సీట్ల కవర్లతో చేతి తొడుగులు కుట్టుకుంది.