పద్దు ఊరి ముందు విప్పాలి

2019 జనవరిలో ఎన్నికైన తెలంగాణ సర్పంచుల పదవీకాలం 2024 జనవరి నెలాఖరుతో ముగిస్తే, మళ్లీ ఓటు వేయడానికి ఊళ్లు 2025 డిసెంబరు దాకా ఎదురుచూశాయి. గడువు తీరకముందే ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగంలోని 243ఈ అధికరణం చెబుతున్నా, రెండేళ్లకు దగ్గరగా పంచాయతీలను ప్రత్యేకాధికారులే నడిపారు. వీధిదీపం మాడిపోతే ఎవరిని అడగాలో తెలియని ఆ రోజులు పోయినందుకు సంతోషిస్తున్నాం. అయితే పాలకవర్గం వచ్చినంత మాత్రాన జవాబుదారీతనం దానంతట అదే రాదు.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటోంది. చాలా ఊళ్లలో జరుగుతున్నదేమిటి? చాటింపు ఉండదు. సిబ్బందిలో ఒకరు తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. సాయంత్రానికి సభ జరిగిపోయినట్టే. ఆ పుస్తకంలో ఏ పనికి ఎంత బిల్లు ఆమోదం పొందిందో వేలిముద్ర వేసిన అవ్వకు ఎవరూ చదివి వినిపించరు. సర్పంచికీ ఉపసర్పంచికీ ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది ఒకరిపై ఒకరు కన్నేసి ఉంచుతారనే. ఆ ఇద్దరూ ఒక్కటైతే ఇక ఆపేది ఊరు మాత్రమే.

సిమెంటు రోడ్డునే తీసుకోండి. దాని పొడవు, వెడల్పు, మందం ఇంజినీరు కొలతల పుస్తకంలో ఉంటాయి. ఆ మూడు అంకెలను అదే వీధిలో నిలబడి బిగ్గరగా చదివితే చాలు, టేపు పట్టుకుని కొలిచే కుర్రాడు ఏ ఇంట్లోనైనా ఉంటాడు. పంచాయతీల లెక్కలు చూపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఖర్చులు కనబడుతున్న మాట నిజమే కానీ, ఆడిట్ అభ్యంతరాలు ఫైళ్లలో నిద్రపోతుంటే తెరమీది అంకె ఎవరినీ నిలదీయలేదు.

ఇది కొత్త కోరికేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ జరిగింది. మస్టరులోని, అంటే హాజరు పట్టీలోని పేర్లనూ చెల్లించిన కూలినీ కూలీల ఎదుటే చదివి సరిచూశారు. దేశానికి దారి చూపిన ఆ పద్ధతిని పంచాయతీ సొంత నిధులకు, ఆర్థిక సంఘం నిధులకు ఎందుకు వర్తింపజేయరు? ఇంటిపన్ను కట్టేదీ ఆ జనమే కదా. ప్రతి గ్రామసభలో బిల్లులతోపాటు ఆడిట్ అభ్యంతరాలనూ వాటికిచ్చిన జవాబులనూ చదివి తీరాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.

సర్పంచులు దీన్ని తమపై అనుమానంగా తీసుకోనక్కర్లేదు. అప్పుచేసి పనులు చేయించి, బిల్లులు రాక రోడ్డెక్కిన మాజీ సర్పంచుల గోడు ఈ మధ్యకాలంలోనే చూశాం. ఆ బకాయి ఏ పనిదో, ఎంతో, ఏ కార్యాలయంలో ఎన్నాళ్లుగా ఆగిందో కూడా అదే సభలో చదవాలి. దానికి జవాబు చెప్పేందుకు మండల అధికారి వచ్చి ఊరి ముందు కూర్చోవాలి.