తేడాలో తేడా చూడాలట!

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ కోసం తయారుచేసే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే పనిముట్టులో) పెట్టేస్తే ఇక సుఖమే అంటారు. ఏటి సుఖం? అసలు సాఫ్ట్‌వేర్‌కి మనం చేసిన మార్పులన్నీ ప్యాచ్ ఫైళ్లుగా, అంటే పాతదానికీ కొత్తదానికీ తేడా రాసిన ఫైళ్లుగా పడుంటాయి, సిరీస్ ఫైల్ చెప్పిన వరుసలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అసలు సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చిందా, మధ్యలో ఒకటి అతకదు, దాని తర్వాతవీ ఆగిపోతాయి. సరిచేసి, ఏం మారిందో చూపించే గిట్ డిఫ్ కొడితే తేడాలో తేడా: ప్లస్ పక్కన మైనస్, మైనస్ పక్కన ప్లస్. కళ్లు తిరుగుతాయి. జీబీపీ పీక్యూ అనే కమాండుతో ప్యాచ్‌లను కమిట్లుగా (గిట్‌లో నమోదయ్యే మార్పులుగా) మార్చి, రీబేస్ చేసి (కొత్త వెర్షన్ మీదకి ఎక్కించి), మళ్లీ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, కాదనను. కానీ విజయనగరంలో మా వీధి కరెంటు సరిగ్గా రీబేస్ మధ్యలోనే పోతుంది!

అన్నిటికన్నా ఒళ్లు మండేది వివరణ లేని ప్యాచ్. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, అసలు ప్రాజెక్టు వాళ్లకు పంపారా లేదా? ప్యాచ్ పైన ఉండే హెడర్‌లో మూడు లైన్లు రాస్తే చేతులు అరిగిపోతాయా? పేరు మాత్రం 'ఫిక్స్ డాట్ ప్యాచ్'. ఏం ఫిక్స్ చేశావు నాయనా?