సవరణ: ర్యాంపు కాంక్రీటులో నీళ్ల లెక్క

తిరుపతిలో ఇంటి ముందు కారు ర్యాంపు వేసుకునేవాళ్లకి, మాలు జారుగా ఉంటేనే పని సులువని మొన్న రాశాను. అది తప్పు, దయచేసి అలా కలపకండి.

50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 25 లీటర్లు దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఆ తడి కూడా ఈ లెక్కలోదే, కాబట్టి ఇంకా తగ్గించాలి. నీళ్లెక్కువైతే సిమెంటు పాలు పైకి తేలతాయి. ఆరాక పైపొర పొడిపొడిగా రాలుతుంది, పగుళ్లిస్తుంది. వాలులో మాలు నిలవదు కూడా. మాలు ఎంత జారుగా ఉందో చూసే 300 మిల్లీమీటర్ల ఎత్తు రేకు గరాటులో (స్లంప్ కోన్) మాలు నింపి, గరాటును పైకి ఎత్తేశాక కుప్ప 50 నుంచి 75 మిల్లీమీటర్లు కుంగితే ర్యాంపుకు సరిపోతుంది.

మన ఎండకు మాలు బిగుస్తోందని మేస్త్రి మళ్లీ నీళ్లు పోయబోతే ఆపండి. పొద్దున్నే మొదలుపెట్టి, కొద్దికొద్దిగా కలిపించండి. 10 రోజులు తడి ఆరనివ్వొద్దు.