అతను మీకేమవుతాడు?

మన దేశంలో జైలు సంస్కరణలు ముందుకు సాగడం లేదని గొణిగేవాళ్ళను నేను ఒకసారి విశాఖపట్నం పాత జైలు రోడ్డుకు రమ్మంటాను. పొద్దున్న ఐదున్నరకల్లా రావాలి. ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉన్న చోట ఇప్పుడు సిటీ సెంట్రల్ పార్కు ఉంది. పచ్చిక, చెట్లు, బెంచీలు, నడవడానికి చక్కటి బాట. ఏ ఖైదీ అయినా ఇంత సంపూర్ణంగా మారాడా? ఇక్కడ జైలే సత్ప్రవర్తన చూపించి, శిక్షాకాలం ముగించుకుని, పార్కు వేషంలో సమాజంలో కలిసిపోయింది. పోలీసు వెరిఫికేషన్ కూడా అడగలేదు ఎవరూ.

ఒక్క అలవాటు మాత్రం పోలేదు. అప్పుడూ ఇప్పుడూ లోపలున్నవాళ్ళు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నారు. నాకు షుగరు వచ్చాక డాక్టరు గారు రోజుకు ఆరు రౌండ్లు వేశారు. నాది యావజ్జీవం.

జైలు అడవివరం వెళ్ళింది. ఊరు పెరిగేకొద్దీ శ్మశానాన్నీ, చెత్త డంపింగ్ యార్డునీ, జైలునీ పొలిమేర అవతలికి జరుపుతూ పోవడం మనకు తెలిసిన నగర ప్రణాళిక. ఇప్పుడు ఊరు వాటి వెనకాలే వెళ్ళి ఆరిలోవ దాటేసింది. అక్కడ గజం ధర విన్నవాళ్ళకు ఈ కొత్త జైలుకి కూడా త్వరలోనే పరివర్తన కలిగే సూచనలు కనిపిస్తాయి.

పరివర్తన అంటే గుర్తొచ్చింది. మన మన్యంలో గంజాయి తోటల్ని నరకడానికి పోలీసులు పెట్టిన కార్యక్రమం పేరు ‘ఆపరేషన్ పరివర్తన’. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. జైలు పార్కుగా మారింది, గంజాయి బూడిదగా మారింది. మారడానికి మొరాయిస్తున్నది మనిషి ఒక్కడే అనుకుంటారేమో. అతన్ని మారమని అడగడానికి ముందు అతనేం చేశాడో తేల్చాలి కదా, అక్కడే ఆగిపోయాం. 2022 చివరి లెక్క ప్రకారం దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో 4,34,302 మందికి ఏ కోర్టూ ఇంకా శిక్ష వెయ్యలేదు. విచారణ ఖైదీలు. అంటే మనం సంస్కరిద్దామని ఉబలాటపడుతున్న నలుగురిలో ముగ్గురు, చట్టం దృష్టిలో, ఇప్పటికి మీలాంటివాళ్ళూ నాలాంటివాళ్ళూ. వంద మందికి కట్టిన చోట 131 మందిని సర్దారు. దీన్ని రద్దీ అంటున్నారు గానీ నేను ఒప్పుకోను. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విశాఖ వచ్చే రైల్లో జనరల్ బోగీ ఎక్కినవాడెవడూ 131ని రద్దీ అనడు.

ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయనడం కూడా అన్యాయం. 1980లో జస్టిస్ ముల్లా గారి కమిటీ వేశారు, 1983లో ఆయన నివేదిక ఇచ్చారు. విచారణ ఖైదీలను శిక్ష పడినవాళ్ళతో కలిపి ఉంచొద్దని అందులో ఉంది. తర్వాత మరికొన్ని కమిటీలు, మరికొన్ని నివేదికలు. 1894 నాటి జైళ్ళ చట్టానికి బదులుగా 2023లో కేంద్రం ఓ నమూనా చట్టం రాసి రాష్ట్రాలకు పంపింది. ఆ పాత చట్టం మన విశాఖ పోర్టు కంటే 39 ఏళ్ళు పెద్దది. పోర్టులో క్రేన్లు మారాయి, బెర్తులు మారాయి. చట్టం తుప్పు పట్టే వస్తువు కాదు కాబట్టి దానికంత తొందర పడలేదు. కొత్త నమూనాలో ‘జైళ్ళు’ పక్కన ‘దిద్దుబాటు సేవలు’ అనే మాట కూడా చేర్చారు. మనవాళ్ళు జైలుని శ్రీకృష్ణ జన్మస్థానమని, అత్తారిల్లని ఏనాడో అనేశారు. పేరు మార్చడంలో ప్రజలే ముందున్నారు.

పక్క రాష్ట్రంలో మరో మెట్టు పైకి ఎక్కారు. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలుని మ్యూజియం చేసి, రోజుకు 500 రూపాయలు కడితే లోపల ఖైదీలా ఉండనిచ్చారు. ఖద్దరు బట్టలు, చిప్ప, మగ్గు అన్నీ ఇచ్చేవారు. డబ్బు కట్టి చిప్పకూడు తినేవాళ్ళు ఉన్న దేశంలో, ఉచితంగా తింటున్నవాళ్ళు ఇంటికి పోతామని ఏడవడం నాకు వింతగా ఉండేది. మా వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేదాకా.

వాచ్‌మన్‌ది పెదబయలు అవతల కొండ ఊరు. అతని మేనల్లుడికి 19 ఏళ్ళు. రెండు వేలు ఇస్తామని ఎవరో అంటే ఓ బ్యాగు పట్టుకుని బస్సెక్కాడు. బ్యాగులో 3 కిలోల గంజాయి. పంట వేయించినవాడు బస్సెక్కలేదు, కొన్నవాడు ఎక్కలేదు, అమ్మబోయేవాడూ ఎక్కలేదు. ఎక్కినవాడు దొరికాడు. 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది, ఇక బెయిలు మీద ఆశ వదులుకోవాల్సిందే. మూడే కిలోలు కాబట్టి కుర్రాడికి 70 రోజులకు వచ్చింది. షరతు: చెరో పాతిక వేలకు ఇద్దరు జామీనుదారులు.

"బాబూ, గుంటడికి బెయిలొచ్చీసింది. ఇడిసిపెట్టనేదు" అన్నాడు వాచ్‌మన్.

డబ్బు కట్టక్కర్లేదు. కుర్రాడు పారిపోతే ఆ పాతిక వేలూ మేం కడతామని ఆస్తి ఉన్నవాళ్ళిద్దరు సంతకం పెట్టాలి, అంతే. మొదట వాళ్ళ నాన్న కొండ దిగి వచ్చాడట, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన పోడు పట్టాతో. అమ్మడానికి వీల్లేని భూమి పూచీకి పనికిరాదన్నారు. తర్వాత పెదనాన్నకు డాబా ఇల్లుంది, ఆయన వచ్చాడు. వేరే జిల్లా అన్నారు. 2022 ఏప్రిల్ 4 దాకా ఆ ఊరు విశాఖ జిల్లాలోనే ఉండేది. ఆ రోజు నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇల్లు కదల్లేదు, పెదనాన్న కదల్లేదు, జిల్లా కదిలింది. (ఆ సీతారామరాజు గారు 1922లో చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్ళినప్పుడు, తీసుకున్నవాటి లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారంటారు. ఇప్పుడైతే ఆ సంతకానికి ఇద్దరు లోకల్ జామీనుదారులు కావాల్సి వచ్చేది.)

జిల్లా మారితే జామీను చెల్లదా అనే గొడవ 1978లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి పది వేల జామీను అడిగి, తమ్ముడో అన్నో ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరగ్గొట్టారు. జస్టిస్ కృష్ణయ్యర్ గారు దాన్ని గట్టిగా తప్పుబట్టారు. తీర్పు లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు. చదివినవాళ్ళు పాసవుతారు కూడా.

పేద ఖైదీల బెయిలుకి 40 వేల దాకా ప్రభుత్వమే ఇచ్చే పథకం 2023లో వచ్చిందని నేను వాచ్‌మన్‌కి ఉత్సాహంగా చెప్పాను. మర్నాడు లాయరు గారు నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. గంజాయి కేసులకు అది వర్తించదు. మన్యం పేదవాడు జైలుకి వెళ్ళే దారి ఏదో, సరిగ్గా ఆ దారికే ఆ పథకం వర్తించదు.

సరే, నేనే ఉంటానన్నాను. అన్న వెంటనే నాకు నేనే పెద్దమనిషిలా కనిపించాను. ఇంటిపన్ను రసీదు, ఆధార్, రెండు ఫొటోలు పట్టుకుని ఇంటి విలువకు ధ్రువపత్రం తెచ్చుకోవడానికి ఓ కార్యాలయానికి వెళ్ళాను. మొదటి రోజు సంతకం పెట్టాల్సినాయన మీటింగ్‌లో ఉన్నారు. రెండో రోజు సర్వర్ లేదు. మూడో రోజు ఆయనా ఉన్నారు, సర్వరూ ఉంది, గుమస్తా గారు నా దరఖాస్తు తీశారు. టీ గ్లాసు అడుగున అంటుకుని వచ్చింది అది. గ్లాసు పక్కన పెట్టి, స్పాంజి మీద వేలు తడుపుకుని, రెండో పేజీలో ఓ గడి దగ్గర ఆగారు.

"అతను మీకేమవుతాడు?"

"ఏమీ కాడండి."

"ఏమీ కానివాడికి మీరెందుకు?"

"మా వాచ్‌మన్ మేనల్లుడు."

"అది వాచ్‌మన్‌కి సంబంధం. మీకేంటని అడుగుతున్నా."

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ముప్పై ఏళ్ళుగా పత్రికల్లో ‘సమాజం బాధ్యత’ అని రాస్తున్నాను గానీ, ఆ గడిలో ‘సమాజం’ అని రాస్తే సరిపోతుందా అని అడగడానికి నోరు రాలేదు. ఆయన తప్పేం లేదు. చుట్టమైతే వేరే జిల్లా అవుతాడు, ఇదే జిల్లా అయితే చుట్టం కాడు. రెండూ అయినవాడు ఉంటే ఆ కుర్రాడు బ్యాగు మోసేవాడే కాదు.

ఇంట్లో మా ఆవిడ అసలు ప్రశ్న అడిగింది. "రేపు వాడు పారిపోతే?"

"పాతిక వేలు పోతాయి."

"డబ్బు సంగతి కాదండీ. పోలీసులు మనింటికొస్తే ఎదురు ఫ్లాటు వాళ్ళు ఏమనుకుంటారు?"

నాలుగో రోజు నాకు నడుం నొప్పి వచ్చింది.

బెయిలు వచ్చాక నెలలోగా జామీను పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట కోర్టుకి గుర్తు చెయ్యడానికి ఓ లాయరు, లాయరుకి ఓ వాయిదా కావాలి. కుర్రాడు బెయిలు కాగితం పక్కలో పెట్టుకుని అడవివరంలో 41 రోజులు పడుకున్నాడు. చివరికి ఇద్దరు జామీనుదారులు దొరికారు. వాళ్ళెవరో నాకు తెలియదు, కుర్రాడికీ తెలియదు. అలాంటివాళ్ళు టీ కొట్ల దగ్గర దొరుకుతారట, రేటు ఉంటుందట. వాచ్‌మన్ భార్య చెవికమ్మలు తాకట్టులోకి వెళ్ళాయి. సంబంధం గడిలో ఆ ఇద్దరూ ‘స్నేహితుడు’ అని రాశారని విన్నాను. ఏమీ తడుముకోకుండా.

ఇక నా ప్రతిపాదన. ఎండాడ దగ్గర మన జూ ఉంది. అక్కడ జంతువుల్ని దత్తత ఇస్తారు. డబ్బు కట్టి పులినో జిరాఫీనో దత్తత తీసుకోవచ్చు, తిండి ఖర్చు మీది. కంపెనీలు తీసుకుంటాయి, పిల్లల పుట్టినరోజుకి తల్లిదండ్రులు తీసుకుంటారు. ‘పులి మీకేమవుతుంది?’ అని అడగరు. సొంత జిల్లా పులేనా అని అడగరు. కాబట్టి జూ వాళ్ళ దరఖాస్తు ఫారాన్నే కోర్టులు కూడా వాడాలని కోరుతున్నాను. పైన ‘జంతువు పేరు’ అన్నచోట ‘ఖైదీ పేరు’ అని స్టాంపు వేస్తే చాలు, కొత్తగా అచ్చు వెయ్యక్కర్లేదు. జామీను ఉన్న కంపెనీ పేరుతో ములాఖత్ గది దగ్గర ఓ బోర్డు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఓటు సంగతి కూడా తేల్చేద్దాం. 1951 చట్టం ప్రకారం జైల్లో ఉన్నవాడు, విచారణ ఖైదీ అయినా సరే, ఓటు వెయ్యకూడదు. పోటీ మాత్రం చెయ్యొచ్చు, అందుకోసం 2013లో ప్రత్యేకంగా సవరణ తెచ్చారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇద్దరు జైల్లో ఉండే గెలిచారు. బ్యాగు మోసిన కుర్రాడికి నేను ఇవ్వగల సలహా ఒకటే: పాతికేళ్ళు నిండగానే ఏకంగా నామినేషన్ వెయ్యి. దానికి ప్రపోజర్లు జామీనుదారుల కంటే తేలిగ్గా దొరుకుతారు.

పునరావాసానికి మా కాలనీ పూర్తి మద్దతు ఇస్తోంది. సంక్షేమ సంఘం సమావేశంలో ఆ తీర్మానాన్ని బలపరిచింది నేనే. మా పై పోర్షన్‌కి టు-లెట్ బోర్డు కట్టి మూడు నెలలైంది. శాకాహారులు, ఉద్యోగస్తులు, కుటుంబీకులు అని రాశాం. ఇది వేరే విషయం.

కుర్రాడు మొన్న ఆదివారం వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే విడిచి, గేటు దగ్గరే నిలబడ్డాడు. చిక్కిపోయాడు, జుట్టు బాగా పొట్టిగా కత్తిరించి ఉంది. ప్రతి సోమవారం స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలట, అది బెయిలు షరతు. గాజువాకలో ఓ వెల్డింగ్ షాపు ఆయన పన్లోకి తీసుకుంటానన్నాడట గానీ, సోమవారం సోమవారం ఎక్కడికిరా అంటే ఏం చెప్పాలో తెలియలేదట. చెప్పేశాడట. అప్పుడాయన, "నీ గురించి తెలిసిన పెద్దమనిషి ఎవరితోనైనా కాయితం రాయించుకురా" అన్నాడట.

"మీరు నాకు తెలుసని రెండు ముక్కలు రాసిచ్చీండి బాబూ. మా మావ ఎరికే గదా మీకు."

"రాస్తాలేరా" అన్నాను. ముందు ఈ వ్యాసం ఇవ్వాలి, ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. కాయితం మాత్రం తీసి టేబుల్ మీద పెట్టాను, పేపర్ వెయిట్ కింద. పైన కుడివైపు తేదీ వేశాను. అది ఆదివారం తేదీ, మళ్ళీ మార్చాలి.